వేడినీ ఆమ్లాన్నీ ఓర్చుకునే క్రిమి: కలకత్తాలో కలరా పరిశోధన

సూక్ష్మజీవుల చరిత్రను మనం సాధారణంగా ఒక ప్రశ్నతో మొదలుపెడతాం. ఫలానా క్రిమి మనిషికి ఏం చేస్తుంది? ఏ జబ్బు తెస్తుంది, ఎలా తెస్తుంది? దీన్ని తిరగేసి అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. మనిషి శరీరం ఆ క్రిమికి ఏం చేస్తుంది? ఆ దెబ్బలన్నీ తిని అది ఎలా బతుకుతుంది? ఈ రెండో ప్రశ్న శాస్త్రజ్ఞులకు చాలా ఆలస్యంగా తోచింది. దానికి జవాబు వెదుకుతూ పోతే ఒక ప్రత్యేకమైన ప్రోటీన్ల గుంపు బయటపడింది. వాటినే ఒత్తిడి ప్రోటీన్లు అంటారు. వేడి, ఆమ్లం, ఆకలి, విషపదార్థాలు వంటి కష్టాలు ఎదురైనప్పుడు బాక్టీరియా కణం హడావిడిగా తయారుచేసుకునే ప్రోటీన్లివి.

ఈ రెండు ప్రశ్నలనూ ఒకే ఊళ్లో, ఒకే క్రిమి గురించి అడిగిన చరిత్ర మన దేశంలో ఉంది. ఊరు కలకత్తా. క్రిమి కలరాను కలిగించే విబ్రియో కలరే. 2001లో ఆ నగరం పేరు కోల్‌కతాగా మారింది. పాత సంగతులు చెప్పేటప్పుడు మాత్రం పాత పేరే వాడుకుందాం.

కలరా అంటే ఇప్పటి విద్యార్థులకు పాఠ్యపుస్తకంలో ఒక పేరు. ముత్తాతల తరానికి అలా కాదు. తెలంగాణలో దాన్ని గత్తర అన్నారు. ఆ మాట తిట్టుగా ఇప్పటికీ పల్లెల్లో వినిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి వాంతులు, భేదులతో ఒంట్లో నీరంతా పోయి కొద్ది గంటల్లోనే చనిపోయే జబ్బు అది. అలాంటి జబ్బు పేరు తిట్టుగా మారిందంటే ఆశ్చర్యం లేదు.

బేలియాఘాటా కుంట

జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాఖ్ 1883 డిసెంబరులో తన బృందంతో కలకత్తా చేరుకున్నాడు. అంతకుముందు ఆయన ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో పనిచేశాడు. అక్కడ కలరా తగ్గిపోవడంతో, ఆ జబ్బు ఎప్పుడూ ఉండే చోటికే వెళ్దామని బయలుదేరాడు. కలకత్తా మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ప్రయోగశాల ఏర్పాటు చేసుకుని, చనిపోయినవారి పేగుల నుంచి వంకర తిరిగిన ఒక బాక్టీరియాను విడిగా పెంచగలిగాడు. 1884 జనవరి, ఫిబ్రవరి నెలల్లో బెర్లిన్‌కు పంపిన నివేదికల్లో ఆ సంగతి వివరించాడు. ఆకారాన్ని బట్టి దానికి కామా బాసిలస్ అని పేరు వచ్చింది. ఇటలీలో ఫిలిప్పో పాచీని 1854లోనే ఈ క్రిమిని సూక్ష్మదర్శినిలో చూశాడు. కాని ఆ మాట ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు.

కాఖ్ ఆసుపత్రితో ఆగలేదు. నగర శివారైన బేలియాఘాటాలో సాహెబ్ బాగాన్ అనే చోట కలరా వచ్చిందని విని అక్కడి కుంట నీటిని పరీక్షించాడు. జనం స్నానం చేసేదీ, బట్టలుతికేదీ, తాగేదీ ఆ నీళ్లే. అందులో అదే క్రిమి కనిపించింది. జబ్బు జోరుగా ఉన్న రోజుల్లో అవి విస్తారంగా దొరికాయి. జబ్బు తగ్గుముఖం పట్టాక అరుదైపోయాయి. ఇదే బేలియాఘాటాలో నేడు భారత వైద్య పరిశోధన మండలికి చెందిన అంటువ్యాధుల పరిశోధన సంస్థ ఉంది. 1962లో కలరా పరిశోధన కేంద్రంగా మొదలై, 1979లో జాతీయ కలరా, ఆంత్రవ్యాధుల సంస్థగా పేరు మార్చుకున్నది అదే.

కాఖ్ రాసిన వాటిలో మనకు ముఖ్యమైన విషయం వేరే ఉంది. తాను కనుగొన్న క్రిమి చాలా బలహీనమైనదని ఆయన గమనించాడు. ఆరబెడితే కొద్ది గంటల్లో చచ్చిపోతుంది. ఆమ్లం కలిసిన మాధ్యమంలో పెరగదు. మరి మన జీర్ణాశయంలో ఉండేది హైడ్రోక్లోరికామ్లం కదా! అంత బలహీనమైన క్రిమి ఆ ఆమ్లపు మడుగు దాటి చిన్న పేగుకు ఎలా చేరుతుంది? జబ్బు తగ్గిన నెలల్లో కుంటలో ఎక్కడ దాక్కుంటుంది? కాఖ్ కనుగొన్న క్రిమి అందరికీ గుర్తుండిపోయింది. ఈ చిక్కుముడి మాత్రం వందేళ్లు అలాగే ఉండిపోయిందని నా అభిప్రాయం.

ఆమ్లాన్ని పక్కకు తప్పించిన ప్రయోగాలు

కాఖ్ ఎంత ప్రయత్నించినా కలకత్తాలో ఏ జంతువుకూ కలరా తెప్పించలేకపోయాడు. తరువాత బెర్లిన్‌లో గినీ పందులకు ముందు సోడా ద్రావణం పట్టించి కడుపులోని ఆమ్లాన్ని తటస్థీకరించాడు. పేగుల కదలికను ఆపడానికి నల్లమందు ఇచ్చాడు. అప్పుడు గాని క్రిములు నిలవలేదు. 1892లో మ్యూనిక్‌కు చెందిన పెద్దాయన మాక్స్ ఫాన్ పెటెన్‌కాఫర్, కాఖ్ మాట తప్పని నిరూపించాలన్న పట్టుదలతో కలరా క్రిములున్న ద్రవాన్ని స్వయంగా తాగేశాడు. ఆమ్లం వల్లే బతికిపోయాడని ఎవరూ అనకుండా ముందుగా సోడియం బైకార్బొనేట్ కూడా పుచ్చుకున్నాడు. ఆయనకు కాస్త విరేచనాలతో పోయింది. ఇది విద్యార్థులు అనుకరించవలసిన ప్రయోగం కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఆమ్లం ఎంత పెద్ద అడ్డుగోడో అంకెల్లో తెలిసింది మాత్రం 1971లో ప్రచురితమైన అమెరికన్ అధ్యయనాల వల్ల. ఇష్టపూర్వకంగా ముందుకు వచ్చినవారికి ఆసుపత్రి పర్యవేక్షణలో క్రిములు ఇచ్చారు. వట్టి నీటిలో ఇచ్చినప్పుడు జబ్బు రావడానికి పది కోట్లకు మించి క్రిములు అవసరమయ్యాయి. బైకార్బొనేట్ ఇచ్చాక పది లక్షలు, అంతకంటే తక్కువ కూడా సరిపోయాయి.

ఈ మధ్యకాలంలో కలకత్తాలో జరిగిన పని ఒక్క మనిషి పేరుతో ముడిపడి ఉంది. హుగ్లీ జిల్లాలో 1915లో పుట్టిన శంభునాథ్ దే, లండన్‌లో పరిశోధన పట్టా పొంది 1949లో తిరిగివచ్చాడు. నీలరతన్ సర్కార్ వైద్య కళాశాలలోను, తరువాత కలకత్తా మెడికల్ కాలేజీలోను పాథాలజీ ఆచార్యుడిగా పనిచేశాడు. ఆయన ఉపాయం చాలా సూటిగా ఉంటుంది. మత్తు ఇచ్చిన కుందేలు చిన్న పేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో కట్టి, ఆ సంచిలోకి నేరుగా కలరా క్రిములను ఎక్కించాడు. మర్నాటికి ఆ భాగం గంజి నీళ్ల వంటి ద్రవంతో ఉబ్బిపోయింది. ఈ పద్ధతిని 1953లో ప్రచురించాడు. తరువాత క్రిములను పూర్తిగా వడకట్టేసి, అవి పెరిగిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించాడు. అప్పుడూ పేగు అలాగే నిండింది. అంటే క్రిమి బయటికి వదిలే విషమే జబ్బుకు కారణం. ఈ ఫలితం 1959 మే 30న నేచర్ పత్రికలో వచ్చింది.

ఆ విషం పేగు గోడలోని కణాలను లోపలి నుంచి మోసగించి, ఉప్పునూ నీటినీ పేగులోకి వదిలేలా చేస్తుంది. గోడ చిల్లులు పడదు, నీటిని పీల్చుకునే శక్తీ పూర్తిగా పోదు. అందుకే పంచదార, ఉప్పు కలిపిన నీరు తాగిస్తే రోగి బతుకుతాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల వచ్చిన శరణార్థుల శిబిరాల్లో కలరా వ్యాపించినప్పుడు, కలకత్తాకు చెందిన డాక్టర్ దిలీప్ మహాలనబిస్ బన్‌గావ్‌లో ఇదే ద్రావణాన్ని డ్రమ్ముల్లో కలిపి తాగించాడు. దాదాపు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి.

దే గారికి దక్కిన గౌరవం గురించి ఒక్క మాట. ఆయన జీవించి ఉండగా మన దేశపు సైన్స్ అకాడమీలు ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకోలేదు. 1978లో స్టాక్‌హోమ్‌లో కలరాపై జరిగిన నోబెల్ సదస్సుకు మాత్రం ఆహ్వానం వచ్చింది. 1985లో ఆయన చనిపోయాడు. 1990లో కరెంట్ సైన్స్ పత్రిక ఆయన స్మృతిలో ప్రత్యేక సంచిక తెచ్చింది.

ఒక సంగతి గమనించండి. దే ప్రయోగం విజయవంతం కావడానికి కారణం అది జీర్ణాశయాన్ని పూర్తిగా తప్పించడమే. కాఖ్ సోడాతో చేసిన పనిని ఆయన దారపు ముడితో చేశాడు. క్రిమి ఆయుధమేమిటో తెలిసింది. ఆ ఆయుధాన్ని మోసుకుంటూ అది దారిలో ఎలా బతికి వచ్చిందో తెలియలేదు.

నేపుల్స్‌లో ఈగలు

దానికి దారి చూపింది కలరాతో ఏ సంబంధమూ లేని ప్రయోగం. 1960ల మొదట్లో ఇటలీలోని నేపుల్స్‌లో ఫెరూచ్చో రితోస్సా పండ్ల ఈగల క్రోమోజోములను పరిశీలిస్తుండేవాడు. ఒకరోజు ఎవరో ఇన్‌క్యుబేటర్ వేడి పెంచేశారు. మర్నాడు చూస్తే క్రోమోజోముల మీద కొత్త చోట్ల ఉబ్బులు కనిపించాయి. ఉబ్బు కనిపించిందంటే అక్కడి జన్యువులు పనిచేస్తున్నాయన్నమాట. వేడి తగిలితే కొన్ని జన్యువులు మేలుకొంటాయన్న ఈ సంగతిని ఒక పేరున్న పత్రిక తిప్పిపంపింది. చివరకు 1962లో వేరే పత్రికలో వచ్చింది. ఆ జన్యువులు తయారుచేసే ప్రోటీన్లను 1974లో గుర్తించారు. 1978 నాటికి మన పేగుల్లో ఉండే ఎషరికియా కోలై బాక్టీరియాలో కూడా అటువంటివే ఉన్నాయని తేలింది. ఈగ నుంచి బాక్టీరియా దాకా ఒకే ఏర్పాటు ఉందంటే అది ఎంత పాతదో ఊహించుకోవచ్చు.

ఈ ప్రోటీన్లు చేసే పనేమిటి? కోడిగుడ్డు తెల్లసొనను పెనం మీద వేస్తే గట్టిపడి తెల్లగా మారుతుంది. అందులోని ప్రోటీన్ల మడతలు వేడికి విడిపోయి, ఒకదానికొకటి చిక్కుకోవడం వల్ల అలా జరుగుతుంది. గుడ్డును మళ్లీ పచ్చిగా చేయలేం. బాక్టీరియా కణంలోనూ ఉష్ణోగ్రత పెరిగితే ఇదే ప్రమాదం చిన్న మోతాదులో మొదలవుతుంది. అప్పుడు విడిపోతున్న ప్రోటీన్లను పట్టుకుని, చిక్కు పడకుండా చూసి, తిరిగి మడతపడేలా సాయపడేవే ఈ ఉష్ణఘాత ప్రోటీన్లు. పెళ్లిలో తోడి పెళ్లికూతురు ఉంటుంది చూడండి, పెళ్లి ఆమెది కాదు, కాని అన్నీ సర్దుతూ పక్కనే ఉంటుంది. వీటిని కూడా అలాగే తోడు ప్రోటీన్లు అనుకోవచ్చు. వీటిలో గ్రో-ఇఎల్ అనేది రెండు ఉంగరాలను ఒకదానిపై ఒకటి పేర్చిన పీపాలా ఉంటుంది. ఒక్కో ఉంగరంలో 7 భాగాలు. చిక్కుపడబోయే ప్రోటీన్ ఆ పీపాలోకి వెళ్లి, ఇతరుల బెడద లేకుండా మడతపడుతుంది. ఇంకొకటి డిఎన్ఏ-కె. పేరులో డిఎన్ఏ ఉన్నా ఇది ప్రోటీనే.

అవసరం వచ్చిందని కణానికి ఎలా తెలుస్తుంది? ఈ ఏర్పాటు చాలా ముచ్చటగా ఉంటుంది. బాక్టీరియాలో జన్యువులను చదివే ఎంజైముకు ఏ జన్యువు చదవాలో చూపించే చిన్న సహాయక ప్రోటీన్లుంటాయి. వాటిని సిగ్మా కారకాలంటారు. ఉష్ణఘాత జన్యువులను చూపించేది సిగ్మా-32. మామూలు రోజుల్లో డిఎన్ఏ-కె ఈ సిగ్మా-32ను పట్టుకుని, ప్రోటీన్లను ముక్కలుచేసే ఎంజైముకు అప్పగిస్తుంది. అందువల్ల అది ఒకటి రెండు నిమిషాలకు మించి బతకదు. వేడి పెరిగి ప్రోటీన్లు చెడిపోవడం మొదలైతే డిఎన్ఏ-కె ఆ పనిలో మునిగిపోతుంది. సిగ్మా-32ను పట్టుకునే తీరిక దానికి ఉండదు. సిగ్మా-32 పేరుకుపోయి మరిన్ని తోడు ప్రోటీన్లు తయారవుతాయి. అవి సరిపడా వచ్చాక డిఎన్ఏ-కె మళ్లీ ఖాళీ అయి సిగ్మా-32ను పట్టుకుంటుంది. వేరే థర్మామీటర్ అవసరం లేకుండానే సంగతి చక్కబడుతుంది.

జాదవ్‌పూర్‌లో కలరా క్రిమికి వేడి తగిలించడం

ఇప్పుడు మళ్లీ కలకత్తాకు వద్దాం. కుంట నీటిలో ఉన్న కలరా క్రిమి మనిషి ఒంట్లోకి వెళ్లగానే 37 డిగ్రీల వేడిలో పడుతుంది. ఆ వెంటనే ఆమ్లం, ఆపైన పైత్యరసం, పేగుగోడ విడుదలచేసే క్రిమినాశక పదార్థాలు. ఇన్ని మార్పులు కొద్ది గంటల్లో జరిగిపోతాయి. ఈ క్రిమిలో ఉష్ణఘాత ప్రతిస్పందన ఎలా ఉంటుందో జాదవ్‌పూర్‌లోని భారత రసాయన జీవశాస్త్ర సంస్థలో జ్యోతిర్మయ్ దాస్, రుఖ్సానా చౌధురి, వారి సహచరులు పరిశీలించారు. 1994లో వెలువడిన వారి పత్రం కలరా క్రిమి తయారుచేసే ఉష్ణఘాత ప్రోటీన్లను వివరించింది. వాటిలో కొన్నింటిని మన రోగనిరోధక వ్యవస్థ ప్రతిజనకాలుగా గుర్తిస్తుందని కూడా చూపింది. 1997లో అదే బృందం కలరా క్రిమిలోని సిగ్మా-32 జన్యువును వేరుచేసి వర్ణించింది. ఆ జన్యువును తొలగించిన క్రిమి ఎలుక పిల్లల పేగుల్లో సరిగా నిలదొక్కుకోలేదని 2007లో అమెరికాలోని మరో బృందం చూపింది. ఏ విషమూ తయారుచేయని ఒక జన్యువు పోతేనే క్రిమి జబ్బు తేలేకపోవడం ఇక్కడ విశేషం.

విషానికీ, వేడికీ ఉన్న సంబంధం మరింత చిత్రమైనది. కలరా విషాన్ని తయారుచేయమని ఆజ్ఞాపించే ముఖ్య ప్రోటీన్ పేరు టాక్స్-ఆర్. క్రిమి పొరలో కూర్చుని, ఒక కొస బయటకు, మరొక కొస లోపలి జన్యువుల మీదకు చాచి ఉంటుంది. 1990లో క్లాడ్ పార్సో, జాన్ మెకలనోస్ అనే శాస్త్రజ్ఞులు టాక్స్-ఆర్ జన్యువు పక్కనే ఒక ఉష్ణఘాత జన్యువు ఉన్నట్టు గమనించారు. రెండూ ఒకదానికొకటి వీపు తిప్పుకుని ఎదురు దిశల్లో చదవబడతాయి. ఉష్ణోగ్రత పెరిగితే ఉష్ణఘాత జన్యువు మేలుకొంటుంది, టాక్స్-ఆర్ తగ్గుతుంది. అంటే ప్రయోగశాలలో 30 డిగ్రీల దగ్గర క్రిమి బాగా విషం చేస్తుంది, 37 డిగ్రీల దగ్గర తక్కువ చేస్తుంది. మనిషి ఒంటి వేడి 37 డిగ్రీలు! జబ్బు తెచ్చే క్రిమి జబ్బు తేవలసిన చోటనే ఆయుధం దించేస్తుందా?

ఈ ప్రశ్న మీద కలకత్తా నుంచి వచ్చిన రెండు పత్రాలు నాకు చాలా విలువైనవిగా కనిపిస్తాయి. మొదటిది 1997 నాటిది. పైత్యరసం సమక్షంలో కలరా క్రిమి విషాన్ని చాలా తక్కువగా చేస్తుందని, అదే సమయంలో దాని ఈత చురుకుదనం పెరుగుతుందని రుఖ్సానా చౌధురి బృందం చూపింది. పేగు మధ్యభాగంలో పైత్యరసం ఎక్కువ. గోడను కప్పిన జిగురు పొర లోతుల్లో తక్కువ. కనుక పైత్యరసం తగులుతున్నంతసేపూ క్రిమి విషం మీద శక్తి ఖర్చు పెట్టకుండా ఈదుతూ పోతుంది. గోడ చేరాక పని మొదలుపెడుతుంది. ప్రమాదాన్నే అది దారి చూపే గుర్తుగా వాడుకుంటున్నదన్నమాట.

రెండో పత్రం 1999లో వచ్చింది. ఈసారి డిఎన్ఏ-కె జన్యువును పాడుచేసిన కలరా క్రిమిని తయారుచేశారు. సీసాలో పెంచినప్పుడు ఆ క్రిమిలో టాక్స్-ఆర్ బాగా తగ్గింది, పక్కనున్న ఉష్ణఘాత జన్యువు పెరిగింది. అమెరికాలో చూసిన దానికి సరిపోయే ఫలితమే. తరువాత అవే క్రిములను జంతువు పేగులో పెరగనిచ్చి చూశారు. అక్కడ తేడా మాయమైంది. జన్యువు పాడైన క్రిమిలోనూ, మామూలు క్రిమిలోనూ టాక్స్-ఆర్ ఒకే స్థాయిలో ఉంది. పైగా సీసాలో కంటే రెండింటిలోనూ ఎక్కువగా ఉంది. పేగులో టాక్స్-ఆర్‌ను నడిపించే పద్ధతి సీసాలోని పద్ధతి కాకపోవచ్చని వారు రాశారు. సీసాను నమ్మి పేగు గురించి తీర్పు చెప్పకూడదని నలభై ఏళ్ల కిందట అదే నగరంలో కుందేలు పేగుతో దే చూపిన సంగతి ఇక్కడ గుర్తుకు రాకమానదు. ఆ తరువాత 2014లో ఇంకో ముడి విడిపోయింది. విషపు ఆజ్ఞల వరుసలో టాక్స్-ఆర్ కింద ఉండే టాక్స్-టి అనే ప్రోటీనుకు సంబంధించిన ఆర్ఎన్ఏ, చల్లగా ఉన్నప్పుడు మడతపడి మూసుకుని ఉంటుందని, 37 డిగ్రీలకు వచ్చేసరికి తెరుచుకుంటుందని జర్మన్, అమెరికన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

ఆమ్లం, కుంట

కాఖ్ వదిలిన చిక్కుముడిలో ఆమ్లపు భాగం 1999లో కొంత తేలింది. డి. స్కాట్ మెరెల్, ఆండ్రూ కమిల్లీ అనే అమెరికన్లు కలరా క్రిమిలో క్యాడ్-ఏ అనే జన్యువును పరిశీలించారు. దాని ఎంజైము లైసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడును తొలగిస్తుంది. ఆ చర్యలో ఒక హైడ్రోజన్ అయాన్ ఖర్చవుతుంది. ఆమ్లమంటేనే హైడ్రోజన్ అయాన్ల గుంపు కదా, లోపలికి చొరబడిన అయాన్లను ఇలా ఒక్కొక్కటిగా వాడేసుకుంటే కణం లోపల ఆమ్లత్వం తగ్గుతుంది. తయారైన పదార్థాన్ని బయటికి పంపి కొత్త లైసిన్‌ను లోపలికి తెచ్చుకుంటుంది. ముందుగా కొద్దిపాటి ఆమ్లానికి అలవాటుపడిన క్రిములు, అలవాటు లేనివాటి కంటే ఎలుక పిల్లల్లో బాగా నెగ్గుకొస్తాయని కూడా వాళ్లు చూశారు. క్రిములు గుంపుగా జిగురు పొరలో ఉంటే ఆమ్లం నుంచి మరింత రక్షణ దొరుకుతుందని 2003లో తేలింది. బలహీనమైన క్రిమి అని కాఖ్ అన్నది ఒంటరిగా, అలవాటు లేకుండా ఉన్న క్రిమి విషయంలో నిజమే.

రోగి విరేచనాల్లో బయటపడిన క్రిములు ప్రయోగశాలలో పెంచిన వాటికంటే ఎక్కువ తీవ్రంగా అంటుకుంటాయని 2002లో మరో పత్రం చెప్పింది. ఆ తీవ్రత కుంట నీటిలో కూడా కొన్ని గంటలు నిలుస్తుందట. ఒక ఇంట్లో కలరా వస్తే వాడంతా పాకే వేగం ఎందుకో దీన్ని బట్టి కొంత అర్థమవుతుంది. పేగు వదిలి బయటికి పోయే వేళ కూడా ఒక ఒత్తిడి సిగ్మా కారకం పనిచేస్తుంది. దాని పేరు ఆర్‌పీఓ-ఎస్. పేగుగోడ మీద క్రిములు కిక్కిరిసినప్పుడు అది ఈతకు సంబంధించిన జన్యువులను మేలుకొలిపి, గోడను వదిలి వెళ్లేలా చేస్తుందని 2006లో చూపారు.

ఇక కుంట సంగతి. ఆహారం తక్కువై, చలి ఎక్కువైతే కలరా క్రిమి చిన్నగా ముడుచుకుని, బతికే ఉండి కూడా పెంపక మాధ్యమంలో పెరగని స్థితికి వెళుతుందని 1982లో రీటా కోల్‌వెల్, ఆమె సహచరులు చెప్పారు. జబ్బు తగ్గాక క్రిములు అరుదయ్యాయని కాఖ్ అనుకోవడానికి ఇది కూడా ఒక కారణం అయి ఉండవచ్చు. నీటిలోని సూక్ష్మమైన జలచరాల ఒంటికి కూడా ఇవి అంటిపెట్టుకుని ఉంటాయి. అందుకే బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను మడతలు వేసి నీళ్లు వడకడితే కలరా దాదాపు సగానికి తగ్గిందని కోల్‌వెల్ బృందం 2003లో రాసింది.

ఆకలిని క్రిమి ఎలా గుర్తిస్తుందన్న దాని మీద జాదవ్‌పూర్ సంస్థలోనే రూపక్ భద్ర బృందం పనిచేసింది. ఆహారం అందనప్పుడు బాక్టీరియా పిపిజిపిపి అనే చిన్న అణువును తయారుచేసుకుని, పెరుగుదలను ఆపి పొదుపులోకి వెళుతుంది. ఎషరికియా కోలైలో దీన్ని తయారుచేసే ఎంజైములు రెండే. కలరా క్రిమిలో ఆ రెండు జన్యువులనూ తీసేసినా, కొన్ని రకాల ఆకలికి గురిచేస్తే పిపిజిపిపి ఇంకా తయారవుతూనే ఉంది. వెదికితే మూడో ఎంజైము దొరికింది. 2009లో ప్రచురించిన ఆ పత్రంలో దానికి రెల్-వి అని పేరు పెట్టారు. కుంటలోనూ పేగులోనూ బతకవలసిన జీవికి ఆకలిని పసిగట్టే దారి ఒకటి అదనంగా ఉండటం సబబుగానే తోస్తుంది.

ఇదే ధోరణి కలరాతో ఆగలేదు. 1917లో జగదీశ్ చంద్ర బోస్ స్థాపించిన బోస్ సంస్థలో మణికుంతల కుండు, జ్యోతి బసు బృందం క్షయ క్రిమి కుటుంబంలో ఒత్తిడి సంకేతాలను పరిశీలించింది. కణంలో ఫాస్ఫేట్ గొలుసుల నుంచి సిగ్మా-ఇ దాకా, అక్కడి నుంచి రెల్ అనే పిపిజిపిపి ఎంజైము దాకా సంకేతం ఎలా నడుస్తుందో 2007లో వివరించింది. హైదరాబాదులో డిఎన్ఏ ఫింగర్ ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రంలో శేఖర్ మాండే బృందం క్షయ క్రిమిలోని గ్రో-ఇఎల్ ఆకృతిని 2004లో స్ఫటికాల ద్వారా చూసింది. అందరూ ఎదురుచూసిన 14 భాగాల పీపా అక్కడ కనిపించలేదు. రెండేసి భాగాలు జతకట్టి ఉన్నాయి. క్షయ, కుష్ఠు క్రిముల్లో ఈ ప్రోటీన్ మన రోగనిరోధక వ్యవస్థ గట్టిగా గుర్తించే ప్రతిజనకం కాబట్టి టీకాల పరిశోధకులకు దీనిమీద ఆసక్తి. చిక్కేమిటంటే మన కణాల్లో ఉండే తోడు ప్రోటీన్ కూడా చాలావరకు దీన్ని పోలి ఉంటుంది. క్రిమిని కొట్టబోయి సొంత ఒంటిని కొట్టే ప్రమాదాన్ని చూసుకోవాలి.

2008లో బోస్ సంస్థ వారే భౌతికశాస్త్రజ్ఞురాలు ఇంద్రాణి బోస్‌తో కలిసి, క్షయ క్రిమికి దగ్గరి బంధువైన ఒక బాక్టీరియా మీద ఒక ప్రయోగం చేశారు. ఒకే సీసాలో, ఒకే జన్యువులతో, ఒకే ఆకలితో ఉన్న కణాలను విడివిడిగా కొలిచారు. కొన్నింటిలో రెల్ ఎక్కువగా మేలుకొని ఉంది, మిగతావాటిలో తక్కువ. మందులు వేస్తున్నా కొన్ని క్షయ క్రిములు నెలల తరబడి ఎందుకు మిగిలిపోతాయన్న ప్రశ్నను ఇటువంటి లెక్కలతో కూడా పరిశీలిస్తున్నారు.